ఉట్టి మీద మీగడ గిన్నె

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నదానికి చెప్పలేదు. నిజానికి ఇది నా చెల్లెలికి చెప్పవలసిన మాట, దానికి అసలే చెప్పలేదు. నోటి దాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయిన సందర్భాలు మాత్రం చాలా ఉన్నాయి. జుట్టు నెరిసింది, పళ్ళు ఊడుతున్నాయి. ఈ మాట మాత్రం ఊడి రాలేదు. ఎన్ని ఏళ్ళుగానో దీన్ని మోసుకుని తిరుగుతున్నాను. పెళ్ళిళ్ళకు పోయినా, సంతకు పోయినా, భోజనానికి కూర్చున్నా ఇది నాతోనే కూర్చుంటుంది. ముఖ్యంగా భోజనానికి.

మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడలేరు. దీన్ని ధైర్యం అనుకోకండి. ధైర్యం ఉన్నవాడైతే ఈపాటికి వేరే చోట, వేరే మనిషి ముందు కూర్చుని ఉండేవాడు.

ముందు మా ఆచారం చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది మీకు ఏదో చిన్న చిలిపి పనిలా కనిపిస్తుంది. నాకే చాలాకాలం అలా కనిపించింది, లేదా అలా కనిపించేటట్టు చూసుకున్నాను.

కృష్ణగిరి పక్కన, గురుబరపల్లికి దగ్గర్లో మా పల్లె. గొర్రెలు, రాగి చేలు, వానొస్తే పంట, రాకపోతే కూలి. మా వాళ్ళ నాలుగు పల్లెల్లో ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంట పొయ్యి వెలిగించరు. మట్టి చేసి వచ్చాక ఇరుగుపొరుగు సంగటి వండి తెస్తారు. పోయిన మనిషికి అందరికంటే దగ్గరివాళ్ళు ఎవరో, భార్యో, తల్లో, బిడ్డో, వాళ్ళు ఆ మొదటి ముద్ద తమ చేత్తో తినకూడదు. ఇంకొకరు నోట్లో పెట్టాలి. పెడుతూ ఒక పాట పాడాలి.

ఇప్పుడు ఆలోచిస్తే అది ఎవరు పెట్టిన ఆచారమో గాని చాలా తెలిసినవాళ్ళు పెట్టారనిపిస్తుంది. మనిషి పోయిన రోజున కూడా ఆకలి వేస్తుంది. వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అంతగా ప్రేమించిన మనిషి మట్టిలో ఉండగా నాకు సంగటి వాసన ఎలా తెలుస్తోంది, నేనేం మనిషిని అనిపిస్తుంది. ఆ సిగ్గుని ఆ పాట తీసుకునేది. నేను తినలేదు, నాకు పెట్టారు అనుకోవచ్చు. ఆ ఒక్క ముద్ద దిగితే తర్వాతి ముద్దలు వాటంతట అవి దిగేవి.

పాట ఇలా ఉండేది:

పొయ్యి రాజుకుంది చూడు, పొద్దు వాలిపోయె చూడు
పోయినోళ్ళ ముద్ద పోయినోళ్ళు తినిరి
నీ ముద్ద నీకుంది, నోరు తెరువమ్మా

మగవాళ్ళకైతే తెరువప్పా. అంతే. చాలా మెల్లగా, ఒక్కో మాట దగ్గర ఆగి, ఎదుటి మనిషి ఏడుపు ఆగే దాకా ఆగి పాడేవాళ్ళు. ఆడవాళ్ళే పాడాలి. చావు లేని ఇంట్లో పాడకూడదు, కూనిరాగం కూడా తీయకూడదు. తీస్తే చావును పిలిచినట్టు. ముద్ద తినేవాడు తప్ప మగవాళ్ళు ఆ వేళకు బయట కూర్చుంటారు, తినేవాడికి ఆ ఏడుపులో గుర్తుండదు, కాబట్టి ఆ పాట వాళ్ళకు రాదు. రాదని అందరి నమ్మకం. నా అబద్ధం ఈ నమ్మకం మీదనే నిలబడింది.

మా పల్లెల్లో ఆ పాట బాగా తెలిసిన మనిషి చెన్నమ్మత్త. చుట్టరికం దూరమే, పిలుపు మాత్రం దగ్గర. చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకుంది. ఉన్ని వడికేది, గొంగళ్ళు నేయించి సూళగిరి సంతలో అమ్ముకునేది. ఎవరింట్లో మనిషి పోయినా ఆమెకే కబురు పోయేది. వచ్చేది, ముద్ద పెట్టేది, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. నా చెల్లెలు గౌరమ్మ ఇంకా చంకలో బిడ్డ, దానికేమీ తెలియదు. నేను గోడ వైపు తిరిగి కూర్చుని నోరు గట్టిగా మూసుకున్నాను. చెన్నమ్మత్త నా పక్కన కూర్చుంది. పాట పాడింది. మధ్యలో నా చెవి దగ్గరికి వంగి ఇంకో మాట పాడింది.

ఉట్టి మీద గిన్నెలో మీగడుంది చూడు

అమ్మ రోజూ పాల మీది మీగడ తీసి చిన్న గిన్నెలో వేసి ఉట్టి మీద పెట్టేది, నాకోసం. ఆ మాట వినగానే తలెత్తి ఉట్టి వైపు చూశాను. చూసినప్పుడు నోరు తెరుచుకుంది. ముద్ద లోపలికి వెళ్ళింది. ఏడుస్తూ నమిలాను. ఆ సంగటి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

అంత చిన్నవాడికి, అంత దుఃఖంలో, పాట గుర్తుంటుందని ఎవరనుకుంటారు? ఎవరూ అనుకోలేదు. నాకు మాత్రం అక్షరం పోకుండా గుర్తుంది.

సరే. ఇప్పుడు హోసూరు.

పెద్దవాడినయ్యాక హోసూరులో ఒక మైక్ సెట్టు అంగట్లో పనికి చేరాను. యాభైలు అవి. పెళ్ళికి, పండగకు, ఓట్లకు అన్నిటికీ మైకే. పెట్టెలు మోయడం, తీగలు లాగడం, రికార్డు మార్చడం, సూది మార్చడం నా పని. నన్ను ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, ‘మైకూ’ అనేవాళ్ళు. గొంతు బాగుంటుందని నాకు నేను అనుకునేవాణ్ణి. ఎవరైనా ఒకసారి పాడమంటే బాగుండునని ఒక దురద. ఇది కూడా చెప్పాలి. దీన్ని దాచి మిగతాది చెబితే నేను డబ్బుకో, బెదిరింపుకో లొంగినవాడిలా కనిపిస్తాను. అంత గొప్ప కారణమేమీ లేదు. మెచ్చుకోలుకు లొంగాను.

ఆ రోజుల్లోనే ఒక ముదలాళి హోసూరులో సేమ్యా మిషన్లు పెట్టాడు. మా వైపు యజమానిని ముదలాళి అనే అంటారు. కాగితం పొట్లాల్లో సేమ్యా అప్పటికి పల్లెల వాళ్ళకు కొత్త. పురుగుల్లా ఉన్నాయని ముసలివాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. ముదలాళి ఒక వ్యాను కొని, మా మైకు పెట్టించి, సంత సంతకూ తిప్పి అక్కడికక్కడే పాయసం కాచి దొన్నెల్లో పోసి ఊరికే పంచేవాడు. పాట కూడా ఉండేది. బెంగళూరులో ఎవరితోనో రాయించిన పాట, సినిమా వరసలో ఉండేది. జనం పాయసం తాగేవాళ్ళు, పొట్లం కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం వ్యాను నీడలో కూర్చుని ఆయన విసుక్కున్నాడు. ఈ పాట ఆడవాళ్ళకు పట్టడం లేదు, ఇక్కడి వాళ్ళ నోట్లో నలిగిన పాత పాట ఏదైనా ఉంటే దానికే మన మాటలు కడదాం, వినగానే తినాలనిపించాలి అన్నాడు. ఎవరితోనో అన్నాడు. నాతో కాదు. నేను తీగ చుడుతున్నాను.

నేను కూనిరాగం తీశాను.

ఎందుకు తీశాను? ఆ ఒక్క క్షణాన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. ఆ పాట వింటే నోరు తెరుచుకుంటుందని నాకు తెలుసు, నాకు తెరుచుకుంది కాబట్టి. అది నిజంగా తినిపించే పాట. అంతకంటే మంచిది ఆయనకు దొరకదు. ఇంకో సంగతి, అది నాకు పాడిన పాట, నా నోట్లో పడిన ముద్ద, కాబట్టి నాదే అనుకున్నాను. తెలియక చేశానని మాత్రం అనలేను. పాడేటప్పుడు చుట్టూ చూశాను, మా ఊరివాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని. తెలియనివాడు చుట్టూ చూడడు.

ముదలాళి చేతిలో ఉన్న బీడీ కింద పడేశాడు. మళ్ళీ పాడమన్నాడు. నా జీవితంలో మొదటిసారి ఒకరు నన్ను మళ్ళీ పాడమన్నారు. కూర్చోమన్నారు. పేరేమిటని అడిగారు.

వేగం పెంచాం. డోలక్ పెట్టాం. పోయినోళ్ళ ముద్ద అనే చరణం నేనే తీసేశాను, అది చావు పాట అని ఆయనకు చెప్పలేదు. ఆయనది తప్పు కాదు. చివరికి ఇలా తయారైంది:

పొయ్యి రాజుకుంది చూడు, పాలు పొంగివచ్చె చూడు
ఉట్టి మీద గిన్నెలో మీగడుంది చూడు
మీ పాయసం మీకుంది, నోరు తెరవండమ్మా

మీగడ మాట ముదలాళికి అన్నిటికంటే నచ్చింది. పాయసానికి అతికినట్టు ఉందన్నాడు. మద్రాసులో ఒక గాయనితో పాడించి రికార్డు చేయించాడు. నన్నూ తీసుకెళ్ళాడు. మైకు సామాను కొనడానికి పోతున్నానని ఊళ్ళో చెప్పాను. అది మొదటి అబద్ధం, చిన్నది. ఆ గాయని పాడుతుంటే అద్దం అవతల కూర్చుని విన్నాను. ఎంత గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పుడు నాకు నోరు రావడం లేదు. అమ్మ గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఆమె కూడా సంతోషిస్తుందనుకున్నాను. చూశారా, మనిషి ఎంతకైనా నచ్చజెప్పుకోగలడు.

రికార్డు మొదట వేసింది సూళగిరి సంతలో. వేసింది నేనే. సంత మంచి కళ మీద ఉంది. దొన్నెల్లో పాయసం పోశారు, జనం మూగారు. పాట మొదలైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు మా పల్లెల ముసలమ్మలు ముగ్గురో నలుగురో, దొన్నె నోటి దగ్గర పెట్టుకున్నవాళ్ళు, అలాగే ఆగిపోయారు. ఒకామె దొన్నెను నేల మీద పెట్టి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఇంకొకామె ఎవరు పోయారని పక్కవాళ్ళను అడిగింది. నిజంగా అడిగింది. ఆ పాట వింటే అడగవలసిన ప్రశ్న అదే కదా.

నేను సూది ఎత్తలేదు. ఎత్తి ఉండవచ్చు. చెయ్యి రికార్డుకు జానెడు దూరంలో ఉంది.

పొట్లాలు అమ్ముడుపోయాయి. ఎంతగా అంటే ముదలాళి ఇంకో వ్యాను కొన్నాడు. ఊత్తంగరై దాకా పాట పోయింది. టూరింగ్ టాకీసులో బొమ్మ మొదలయ్యే ముందు అదే పాట. పొలాల్లో కలుపు తీసేవాళ్ళు అదే పాట. మా పల్లెలో చిన్న పిల్లలు ఒకరి నోట్లో ఒకరు మట్టి ఉండలు పెట్టుకుంటూ, మీ పాయసం మీకుంది అని ఆడుకునేవాళ్ళు, తల్లులు పరుగున వచ్చి వీపులు పగలగొట్టేవాళ్ళు.

ఊళ్ళో పెద్దలు కూర్చున్నారు. పాట బయటికి ఎలా పోయింది? ఎవరిచ్చారు? ఇచ్చినవాళ్ళు ఆడమనిషే అయి ఉండాలి. నన్ను కూడా పిలిచారు. అనుమానించి కాదు, మైకులో పని చేస్తాను కాబట్టి నాకు తెలుస్తుందని. అక్కడ చెన్నమ్మత్త ఒక పక్కగా నిలబడి ఉంది. అందరి కళ్ళూ నా మీద ఉన్నాయి. మర్యాదగా ఉన్నాయి. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

నేను చెప్పాను. కంపెనీవాళ్ళు టేపు యంత్రం పట్టుకుని సంతలు తిరుగుతారు, సరుకులమ్మే ఆడవాళ్ళ చేత పాటలు పాడించి పట్టుకుపోతారు, సూళగిరిలో అలాగే జరిగిందని విన్నాను.

చూశారా నా తెలివి? పేరు చెప్పలేదు. సూళగిరి సంతలో సరుకు అమ్మే మా ఊరి ఆడమనిషి ఒక్కతే. తలలు ఆమె వైపు తిరిగాయి. చెప్పేటప్పుడు నాకది తెలుసా? తెలుసు. తెలిసే చెప్పాను. ఇన్నేళ్ళలో నాకు నేను దాన్ని తొందరపాటు అన్నాను, నోరు జారడం అన్నాను, భయం అన్నాను. ఈ రోజు మీకు చెబుతున్నాను, అది లెక్క చూసుకుని ఆడిన అబద్ధం.

ఆమెను అడిగారు. నేనివ్వలేదు అంది. మరి ఎవరిచ్చారు అన్నారు. ఆమె ఒకసారి నా వైపు చూసింది. నేను చెప్పను అంది.

చెప్పను అంటే తెలిసినట్టే కదా, తెలిస్తే తనే కదా అని తేల్చేశారు. అప్పటి నుంచి ఆమెకు ఎవరింటి నుంచీ కబురు పోలేదు. ఎదురైతే పలకరించడం మానేశారు. వేరే ఆడవాళ్ళు పాట ప్రయత్నించారు, కానీ మొదలుపెట్టగానే వెనకనుంచి ఏ పిల్లో నవ్వేది, లేకపోతే పాడేవాళ్ళకే డోలక్ వేగం వచ్చేసేది. రెండు మూడు చావుల తర్వాత ఇక ఎవరూ పాడలేదు.

నేను? నేను బాగుపడ్డాను. సొంత మైక్ సెట్టు పెట్టుకున్నాను. ఆ పల్లెల్లోనే, ఆ పెద్దల ఇళ్ళలోనే పెళ్ళి జరిగితే నాకే కబురు. ఇప్పుడు పేరు పెట్టి పిలిచేవాళ్ళు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో.

అరవైలు వచ్చాక, మా గౌరమ్మ మొగుడు సూళగిరి దగ్గర లారీ బోల్తా పడి పోయాడు. లారీ మీద కూలికి పోయేవాడు, మంచివాడు. దాని ఒళ్ళో అప్పుడు నెలల బిడ్డ. మట్టి చేసి వచ్చాం. సంగటి తెచ్చారు. అది నోరు తెరవలేదు. మరునాడు తెరవలేదు. నీళ్ళు కూడా తాగడం లేదు. బిడ్డ రొమ్ము లాగి లాగి ఏడుస్తోంది, పాలు రావడం లేదు. ఎవరెంత చెప్పినా నా చెల్లెలు గోడ వైపే తిరిగి ఉంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అలాగే కూర్చున్నాను.

చెన్నమ్మత్త ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఉన్ని వడుకుతోంది. కదురు ఆపలేదు.

“ఎవురు పంపినారు?”

“ఎవురూ పంపలేదత్తా. నేనే వచ్చినాను. గౌరమ్మ తినలేదు. బిడ్డకు పాలు లేవు. నువ్వొచ్చి పాడల్ల.”

“ఆ పాట నా దగ్గర యాడుందప్పా ఇంగ? సంతలో ఉంది గదా.”

ఆమె కదురు ఆపింది.

“ఉట్టి మీద మీగడ గిన్నె. ఆ మాట ఎవురిదో తెలుసునా నీకు?”

“పాటలోదే గదా అత్తా.”

“పాటలోది కాదు. పాట అందరికీ ఒకటే. అందులో మనిషికొక మాట కడతాము. ఆ మనిషికే. మల్ల ఇంగెవురికీ పాడము, ఎవురికీ చెప్పము. మీయమ్మ పోయిన దినం ఉట్టి చూసి నీకు కట్టినాను. ఆ మాట నీకూ నాకూ తప్ప ఎవురికీ తెలీదు. మైకులో మొదటి దినం వినంగానే తెలిసిపాయ నాకు.”

అరుగు పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ అది పాటలో భాగమనే అనుకున్నాను. దొంగిలించినవాణ్ణి, దొంగిలించిన దాని మీద నా గుర్తు నేనే వేసి ఊరూరా తిప్పుకున్నాను.

“మల్ల ఆ దినం పెద్దోళ్ళ ముందర ఏమిటికి చెప్పలేదత్తా?”

“నీ నోట్లో పెట్టిన ముద్ద నేనే వేలు పెట్టి తీసుకునేదా?”

అంత మామూలుగా అంది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. కాసేపటికి తనే లేచి చీర దులుపుకుంది.

“వస్తాను. గౌరమ్మ కోసరం వస్తాను, నీ కోసరం కాదు. అయితే గడప కాడ ఎవురన్నా అడ్డం వస్తే నువ్వే చెప్పల్ల. నేను చెప్పను.”

“చెప్తానత్తా.”

“చెప్తావా?”

“నీ మీద ఒట్టు అత్తా, చెప్తాను.”

దారిలో ఆమె మా బావ గురించి అడిగింది. ఇంటికి వస్తే ఏం తెచ్చేవాడు, పెళ్ళాన్ని ఏమని పిలిచేవాడు. నాకు తెలిసింది చెప్పాను. తెలిసింది తక్కువ, సిగ్గేసింది. ఆమె నడుస్తూ నడుస్తూ పెదవుల మధ్య ఏదో కట్టుకుంటోంది, ఒక మాట పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి. చేను గట్టు దాటేసరికి కుదిరింది. ఒకసారి మెల్లగా అనుకుంది. పక్కనే నడుస్తున్నాను, వినిపించింది. అది వింటే గౌరమ్మ నోరు తెరుస్తుంది, నాకు అనుమానం లేదు. నాకే కళ్ళ నీళ్ళు వచ్చాయి.

గడప దగ్గర గౌరమ్మ అత్తగారు అడ్డం నిలబడింది. ఆమె కడుపుకోత ఆమెది, కొడుకు పోయాడు. బయట మగవాళ్ళంతా కూర్చుని ఉన్నారు, ఆ రోజు నన్ను అడిగిన పెద్దలు కూడా ఉన్నారు.

“పాటను సంతలో పెట్టినదానివి, ఏ మొగం పెట్టుకొని వచ్చినావమ్మా? నా కొడుక్కు కూడా డోలు వాయించల్లనా?” అంది.

చెన్నమ్మత్త వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కాచుకుని చూసింది. లోపల బిడ్డ ఏడుస్తోంది. గౌరమ్మ గోడ వైపే ఉంది, కానీ వింటోంది, భుజం కదిలింది. ఒక్క మాట. ‘నేనిచ్చాను.’ అంతకంటే అక్కర్లేదు. అంటే నా మైకు పోతుంది. పేరు పోతుంది. ఈ ముఖాలన్నీ నా మీద ఉమ్ముతాయి. ఇంతేనా? ఇంతే. అటువైపు నా చెల్లెలు ఆకలితో ఉంది. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. ఎడమ చెప్పు వారు తెగి ఉంది. అది తర్వాత కుట్టించాలనుకున్నాను. ఆ క్షణంలో నా బుర్రలో ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవడం మిగతా అన్నిటికంటే కష్టంగా ఉంది.

చెన్నమ్మత్త చాలాసేపు కాచుకుంది. తర్వాత కొంగు సర్దుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

గౌరమ్మ చావలేదు. తిన్నది. మనిషి తినకుండా ఎన్నాళ్ళుంటాడు? మరునాటి మధ్యాహ్నం అందరూ పెరట్లో ఉన్నప్పుడు, తలుపు చాటున నిలబడి, మిగిలిపోయిన చల్లటి సంగటి కుండలోంచి చేత్తో తీసుకుని గబగబా తింటోంది. నేను లోపలికి వెళ్ళాను. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది. నోరు నిండా ఉంది, మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయింది. నా చెల్లెలు, తన ఇంట్లో, తన సంగటి తింటూ దొంగలా పట్టుబడింది. పాట ఉంటే అది దొంగ అయ్యేది కాదు.

పాలు మళ్ళీ సరిగా పడలేదు. బిడ్డను మేకపాలతో పెంచారు, బతికింది. గౌరమ్మ కూడా బతికింది. ఇప్పటికీ ఉంది. కానీ ఎవరి ఎదుటా తినదు. పెళ్ళిళ్ళలో బంతికి కూర్చోదు. ఎప్పుడైనా మనసు కరిగినప్పుడు నాతో అంటుంది.

“నా మొగుడు మట్టిలో ఆరకముందే నా చేత్తో నేనే తిన్నానన్నా. అంత కక్కుర్తి ముండను నేను.”

కాదమ్మా అంటాను. కాదంటే సరిపోతుందా? దానికి కారణం చెప్పాలి కదా. అది చెప్పను. అప్పుడది చెన్నమ్మత్తను తిడుతుంది, ఆ ముసల్ది పాట అమ్ముకోకుంటే నాకీ గతి పట్టేది కాదని. నేను వింటాను. వింటూ తల ఊపిన రోజులు కూడా ఉన్నాయి.

చెన్నమ్మత్త ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయింది. నేను వెళ్ళాను. ఆమెకు దగ్గరివాళ్ళు ఎవరూ లేరు, కాబట్టి ముద్ద పెట్టవలసిన నోరు లేదు, పాట అవసరం పడలేదు. అందరూ అలాగే అనుకున్నారు. నేను హోసూరుకు తిరిగొచ్చి, ఆ రోజంతా ఏమీ తినలేదు. ఎవరైనా వచ్చి పెడతారేమోనని ఎదురుచూశానా? ఏమో. చూశాననే అనుకుంటున్నాను. సాయంత్రం టాకీసు వైపు నుంచి రికార్డు వినిపించింది, ఉట్టి మీద గిన్నెలో మీగడుంది చూడు అని. లేచి తలుపు వేసుకున్నాను.

సేమ్యా మిషన్లు ఎప్పుడో మూతపడ్డాయి. ఆ రికార్డు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. పాట కూడా లేదు, అది చావు పాటగానూ లేదు, పాయసం పాటగానూ లేదు. పూర్తిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. దాన్ని పాడవలసిన వాళ్ళలో నేను లేను.

ఇక్కడ పాట రాశాను. మీగడ గిన్నె మాట రాశాను, అది నాది, దాన్ని ఎప్పుడో నేనే పాడు చేసుకున్నాను. చేను గట్టు మీద చెన్నమ్మత్త నా చెల్లెలికి కట్టిన మాట ఒకటి ఉంది. అది నాకు బాగా గుర్తుంది. దాన్ని మీకు చెప్పను. అది గౌరమ్మది. ఇంకా దానికి చేరలేదు.

గౌరమ్మకు చదువు రాదు. అంటే ఇది ఎన్ని కాగితాలు రాసినా దానికి చెప్పినట్టు కాదు. నాకు తెలుసు. రాసినంత మాత్రాన నాకేదో తీరిపోతుందని కూడా అనుకోవడం లేదు. కానీ ఆ గడప దగ్గర అనవలసిన మాట ఒకటి ఉంది, దాన్ని ఇన్నేళ్ళ తర్వాత, ఎవరూ లేని ఈ గదిలో, ఇందాక పైకి అన్నాను. మాట బయటికి వచ్చింది. మళ్ళీ అంటున్నాను.

పాట ఇచ్చింది నేను. చెన్నమ్మత్త కాదు.